పోచం నడుము లోతు

సాఫ్ట్‌వేర్ పనిలోకి వస్తామనే పిల్లలు సిరోంచలో మా ఇంటికి వచ్చినప్పుడు మొదట అడిగేది ఒకటే, ఏ కంప్యూటర్ భాష నేర్చుకోమంటారని. అర్జీ రాయడం నేర్చుకోమంటాను. ముసలాయన సరదా మనిషి అనుకుని, నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోతారు. ఇందులో సరదా ఏమీ లేదు. నా పని తహసీల్ ఆఫీసు ఎదుట అర్జీలు టైపు చేయడంతో మొదలైంది. ఫోన్లకు యాప్‌లు అందించే ఒక పెద్ద దుకాణానికి అర్జీలు టైపు చేయడంతో ముగిసింది. మధ్యలో కొన్నేళ్లు నేను స్వతంత్రుణ్ననే భ్రమలో ఉన్నాను. ఆ దుకాణం పేరు రాయను. రాస్తే దానికోసం ఇంకో అర్జీ పెట్టుకోవాలి.

ఇంటి ముందు సాఫ్ట్‌వేర్ బోర్డు ఎప్పుడు కట్టాను, ఎవరు సన్మానం చేశారు, ఇవన్నీ వదిలేస్తున్నాను. ఒక గురువు, ఒక వాగు, ఒక తప్పు. చెప్పదగ్గవి ఇవే.

రహమాన్ చాచా మిషన్లు

తహసీల్ ఆఫీసు ఎదుట రేకుల పంచ కింద రహమాన్ చాచాకు ఒక బల్ల, రెండు టైపు మిషన్లు ఉండేవి. ఒకటి మరాఠీది, ఒకటి ఇంగ్లీషుది. మాది మహారాష్ట్ర అంచు, ఆఫీసు మరాఠీది, జనం తమ బాధ తెలుగులో చెప్పుకునేవారు. చాచా కళ్లు మూసుకుని వినేవాడు. అంతా విన్నాక మరాఠీ మిషను ముందుకు లాగి, పది నిమిషాల ఏడుపును నాలుగు వరుసల్లో కుదించేవాడు. చదువు అయిపోయి ఖాళీగా తిరుగుతున్న నన్ను ఆయనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఒకసారి ఒక రైతు వచ్చాడు. ఎద్దు జబ్బుచేసి చచ్చిపోయింది. జబ్బుకు సర్కారు సాయం రాదు, పిడుగుకు వస్తుంది. నేను తెలివి చూపించి పిడుగు పడిందని టైపు చేశాను. చాచా ఆ కాగితం చదివి, నాలుగు ముక్కలు చేసి, నా జేబులో పెట్టాడు.

"అర్జీల మర్యాద ఎంతన్న పెట్టు బేటా, అబద్ధం పెట్టకు" అన్నాడు. "సాబ్‌కు తెల్వదు. ఊరికి తెలుస్తది. ఆయన బతకాల్సింది సాబ్ ఇంట్ల కాదు, ఊర్ల."

నాకప్పుడు అది చాదస్తంగా తోచింది. మనసులో పెట్టుకుని ఉంటే నలభై ఏళ్ల తర్వాత ఒక పెళ్లి ముహూర్తం తప్పిపోయేది కాదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. టైపు మిషన్లు నేర్చిన వేళ్లు కదా, తొందరగానే అలవాటు పడ్డాయి. పుస్తకాలు తెప్పించుకుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఇక్కడి రైసు మిల్లులకు, చామోర్షి మార్కెట్లోని కొట్లకు తూకాల లెక్క చూసే సాఫ్ట్‌వేర్లు రాశాను. డిస్కులో వేసుకుని బస్సెక్కి వెళ్లి, ఎక్కించి, అన్నం తిని వచ్చేవాణ్ని. నడుమ ఎవరూ లేరు. మిల్లు సేటుకు నచ్చకపోతే మొహం మీదే తిట్టేవాడు. ఆ తిట్టు విలువ ఈ కాలం వాళ్లకు తెలియదు. తిట్టేవాడి మొహం కనిపిస్తే ఏం సరిదిద్దాలో తెలుస్తుంది.

ఎవరి నడుము?

బామ్ని అవతల అడవిలో ఒక గూడెం ఉంది. అక్కడి ఆశా కార్యకర్త ఎల్లక్క. గోండి, తెలుగు, మరాఠీ మూడూ కలిపి మాట్లాడుతుంది, మూడింట్లోనూ గదమాయిస్తుంది. గూడెం నుంచి సిరోంచ ఆసుపత్రికి రావాలంటే రెండు వాగులు దాటాలి. మొదటిది చింతవాగు, గూడెం పక్కనే. రెండోది నల్లవాగు, బామ్నికి దగ్గర. రెంటి నడుమ గంటన్నర నడక.

ఒక వానకాలం ఎల్లక్క ఒక నిండు చూలాలిని వెంటబెట్టుకుని బయలుదేరింది. చింతవాగు దాటారు. నల్లవాగు దగ్గరికి వచ్చేసరికి అది నిండుగా పారుతోంది. వెనక్కి వెళ్దామంటే ఈలోగా చింతవాగూ పొంగింది. రెండు వాగుల నడుమ, ఒక చేని గుడిసెలో, ఎరువుల సంచుల మీద ఆ పిల్ల ప్రసవించింది. తల్లీబిడ్డా బతికారు. ఆ సంగతి ఎల్లక్కే వచ్చి నాకు చెప్పింది.

"ముందటి వాగు ఎంత లోతున్నదో ఇంటికాన్నే తెలిస్తే సాలు సారూ" అంది. "ఆగుడో పోవుడో నేను జూస్కుంట."

నల్లవాగు లోతు చెప్పే మనిషి ఉన్నాడు. పేరు పోచం. వాగు ఒడ్డునే ఇల్లు. మా వైపు వాగు లోతు అడుగుల్లో చెప్పరు, ఒంటితో చెబుతారు. మోకాలు లోతు, నడుము లోతు, మెడ లోతు. వినేవాడు వెంటనే వేసే ప్రశ్న, ఎవరి నడుము? పొడుగాటి మనిషి నడుము అయితే పొట్టివాడికి ఛాతీ. అందుకని ప్రతి వాగుకూ ఒక మనిషి కుదిరి ఉంటాడు. నల్లవాగుకు పోచం, ఆయనకు ముందు ఆయన తండ్రి. పోచం నడుము అంటే ఆ చుట్టుపక్కల పిల్లలకు కూడా తమ ఒంటి మీద అది ఎక్కడికి వస్తుందో తెలుసు. చిక్కల్లా, వాన పడితే ఊళ్లన్నీ ఆయనకే ఫోన్ చేసేవి. మధ్యాహ్నానికి ఫోన్ చచ్చిపోయేది. కరెంటు ఉండదు కాబట్టి మళ్లీ లేచేది కాదు.

నేను చేసింది చాలా చిన్న యాప్. పేరు వాగు. ఏడు వాగులు, ఏడుగురు మనుషులు. ప్రతివాడూ నీళ్లలో దిగి చూసి, ఒడ్డుకొచ్చి, మడమ, మోకాలు, నడుము, మెడ అని ఉన్న బొమ్మల్లో ఒకటి నొక్కుతాడు. అందరి ఫోన్లలోనూ 'నల్లవాగు, పోచం నడుము' అని పడుతుంది. ఎన్నింటికి చూశాడో కింద ఉంటుంది. అంతే. నా జీవితంలో రాసిన అన్నిటిలోకీ చిన్నది, గట్టిగా పనికొచ్చింది కూడా అదే.

రెండు వానకాలాలు దాన్ని ఫోన్ నుంచి ఫోన్‌కు చేత్తో పంచాం, పెళ్లి పత్రిక పంచినట్టు. మూడో ఏడు ఎల్లక్కకు ఆఫీసువాళ్లు కొత్త ఫోన్ ఇచ్చారు. అందులోకి వాగు ఎక్కలేదు. ఈ యాప్ చేసిన మనిషెవరో తెలియదు, ఇది మీకు హాని చేయవచ్చు, అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆ తెలియని మనిషి నేనే అన్నమాట. ఊళ్లో కొత్త ఫోన్లన్నిటిదీ అదే పాట. ఇక దుకాణంలో పెట్టక తప్పలేదు. ఆ ఆషాఢానికి గూడెంలో లచ్చిమి అనే పిల్లకు తొలి కాన్పు. ఎల్లక్క ఆ పేరు ఒక్కటే చెప్పి ఫోన్ నా చేతిలో పెట్టింది.

ఎండిన వాగును పన్నెండు మంది చూశారు

దుకాణం గుమ్మంలో మొదటి నియమం. నాలాంటి ఒంటరివాడు యాప్ పెట్టాలంటే ముందుగా పన్నెండు మంది దాన్ని తమ ఫోన్లలో వేసుకుని, పద్నాలుగు రోజులు ఆపకుండా వాడి చూడాలి. పెద్ద కంపెనీలకు ఈ బాధ లేదు. పద్ధతి మంచిదే, కానీ అది వేసవి. మా వాగుల్లో ఇసుక తప్ప ఏమీ లేదు.

బస్టాండు దగ్గర టైర్ల పంక్చర్లు వేసే కరీం భాయ్, ఆయన పక్కన చాయ్ హోటలాయన, జీపు డ్రైవర్లు, అలా పన్నెండు మందిని పట్టాను. రోజూ పొద్దున తప్పక తెరిచి చూడాలని ఒట్టు వేయించుకున్నాను. రోజూ తెరిచేవారు. ఏడు వాగుల ఎదుటా 'ఎండింది' అని ఉండేది. మూసేవారు.

పదమూడో రోజు కరీం భాయ్ యాప్ తీసేశాడు.

"ఎందుకు తీసినవ్ భాయ్?"

"వాగు ఎండిందని పదమూడు దినాల సంది చెప్తాంది సారూ. నమ్మిన. ఇంకెన్ని దినాలు నమ్మాలె?"

పన్నెండు కాస్తా పదకొండయింది, లెక్క మళ్లీ మొదటి రోజుకు వచ్చింది. కరీం భాయ్ చేత మళ్లీ వేయించి, అందరినీ ఇంకో పద్నాలుగు రోజులు బతిమాలాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు. నాకు వాళ్ల కాళ్లే అందాయి. ఆ నెలరోజుల్లో ఆ పన్నెండు మందికీ పొద్దున లేవగానే యాప్ తెరవడం ఒక అలవాటైపోయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

గేటే వద్దనే మనిషిని కాను. ఫోన్లలో దొంగలున్నారు, కాపలా ఉండాలి. కానీ అదే నెలలో కరీం భాయ్ ఫోన్‌లో అదే దుకాణం నుంచి తెచ్చిన ఇంకో యాప్ ఉంది. చుట్టూ తిప్పితే దయ్యం ఎక్కడుందో చూపిస్తుంది. ఆయన షాపులో గాలి మిషను దగ్గర ఉందని చూపించింది. రెండు రోజులు ఆయన టైర్లలో చేతిపంపుతో గాలి కొట్టాడు. ఆ యాప్‌కు కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయట. గేటు చూసేది కాగితాన్ని, మనిషిని కాదు. మనలాంటివాళ్లకు ఎదురయ్యే కష్టమంతా ఇందులోనే ఉంది.

డాక్టరుగారి దాఖ్లా

పరీక్ష అయ్యాక అసలు దరఖాస్తు పెట్టాను. మూడు రోజులకు జవాబు వచ్చింది. మీ యాప్ మనుషుల శరీర కొలతలు సేకరిస్తోంది. ఇది ఆరోగ్య యాప్. తగిన వైద్య సంస్థ నుంచి పత్రం జతచేయండి.

శరీర కొలతలేమిటా అని చాలాసేపు ఆలోచించాను. పోచం మోకాలు, పోచం నడుము. వాళ్ల దృష్టిలో పోచం రోగి. రోజుకు నాలుగుసార్లు ఆయన నడుము కొలిచి లోకానికి చాటుతున్నాం.

ఇది నడుము కాదు, నీళ్లు అని మర్యాదగా రాశాను. అక్షరం మారకుండా అదే జవాబు వచ్చింది. కింద సంతకం మాత్రం వేరే పేరు. ఇక చేసేది లేక ఆసుపత్రికి పోయి డాక్టరుగారి ముందు నిలబడ్డాను. నాగపూర్ వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. నా గోడు హిందీలో ఓపికగా విన్నాడు.

"అంటే, పోచం నడుము వైద్యపరమైన నడుము కాదని నేను రాసివ్వాలి. అంతేనా?"

"అంతే సాబ్."

"ఆయనకు నడుము నొప్పి ఏమన్నా ఉందా?"

"లేదు సాబ్."

"ఉంటే సులువయ్యేది" అని విచారించాడు. చివరికి ఆలోచించి, పోచం అనే వ్యక్తి ఆరోగ్యంగా ఉన్నాడని, ఇంత పొడుగున్నాడని, అంతకుమించి తన అధికార పరిధిలో లేదని మరాఠీలో దాఖ్లా, అంటే ధ్రువపత్రం, రాసి, గుండ్రటి ముద్ర కొట్టి ఇచ్చాడు. ఆ కాగితంలో నాకు కావలసిన మాట ఒక్కటీ లేదు. అయినా పంపాను. దుకాణం దాన్ని ఆనందంగా స్వీకరించింది. ముద్ర గుండ్రంగా ఉంటే చాలునని రహమాన్ చాచా ఎన్నడో చెప్పాడు.

చామోర్షిలో నాకు తెలిసిన ఒకతను గోండి పిల్లలకు అక్షరాలు నేర్పే యాప్ చేశాడు. ఆ భాష తమ జాబితాలో లేదని దుకాణం తిప్పిపంపింది. రెండుసార్లు రాసి ఊరుకున్నాడు. ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నాడు. అతని యాప్ బాగుండేది. ఇలా ఆగిపోయినవి ఎన్నో, ఎవరికీ తెలియవు. పుట్టనే లేదు కాబట్టి చచ్చిపోయాయని ఎవరూ ఏడవరు.

ఏడు వాగుల్లో ఒక్క పోచం

ఆఖరి అడ్డంకి ఇది. మీ యాప్‌ను పరిశీలించాం. ప్రతి పేజీలోనూ 'ఎండింది' అనే తప్ప వేరే సమాచారం కనిపించలేదు. యాప్ పనిచేస్తున్నట్టు చూపించండి.

ఇది మే నెల అయ్యా, మాకు నీళ్లు జూన్‌లో మిరుగు కార్తె తర్వాతే వస్తాయి, అని రాశాను. యాప్ పనిచేస్తున్నట్టు చూపించండి అని జవాబు. నిరుటి వానకాలం బొమ్మలు పంపాను. యాప్ పనిచేస్తున్నట్టు చూపించండి. వానదేవుడికి అర్జీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మిరుగు ఇంక రెండు వారాలే ఉంది. ఎల్లక్క రోజూ ఫోన్ చేస్తోంది.

సరైన దారి ఒకటుంది. పరిశీలించేవాళ్ల కోసం వేరే ఖాతా తెరిచి, అందులో మాత్రం దొంగ నీళ్లు చూపించవచ్చు. ఒక పూట పని. నేను ఆ రోజు చామోర్షిలో మిల్లు కంప్యూటరు బాగుచేయడానికి పోవాలి, బస్సుకు టైమైంది. ఎండాకాలం ఈ యాప్ తెరిచేదెవరులే అనుకున్నాను. అసలు యాప్‌లోనే నల్లవాగు ఎదుట 'పోచం మెడ' అని పెట్టాను. మిగతా ఆరింటికీ వాటి మనుషుల పేర్లు వెతికే ఓపిక లేక అదే వరుస దించేశాను. ఏడు వాగులు, ఏడుచోట్లా పోచం మెడ. దుకాణానికి 'ఇప్పుడు చూడండి' అని రాసి బస్సెక్కాను. అడవి దారిలో ఫోన్ సిగ్నల్ ఉండదని, మిల్లు మోతలో ఫోన్ వినబడదని చెప్పనక్కర్లేదు.

ఎవరు తెరుస్తారో అని అనుకున్నాను కదా. నేనే ఒట్టు వేయించిన పన్నెండు మంది తెరిచారు.

కరీం భాయ్ బస్టాండులో కేకవేసి అందరికీ చెప్పాడు. ఎండాకాలం ఇదేమిటని ఎవరో అడిగితే, పైన ఎక్కడో నీళ్లు వదిలిండ్రట అని ఇంకెవరో జవాబిచ్చారు. ప్రాణహిత ఒడ్డున బతికేవాళ్లకు అది నమ్మలేని మాట కాదు. జీపులు ఆగిపోయాయి. బామ్ని వైపు పోవాల్సిన ఒక పెళ్లివారి మంద, పెళ్లికొడుకుతో సహా, బాసికాలు కట్టుకుని, బాజాలతో, చాయ్ హోటల్లో కూర్చుండిపోయింది. అవతల పెళ్లికూతురి వాళ్లు ఫోన్ చేసి వాగుల దుమ్ము లేస్తాంది రండి అంటే, మమ్ములను ముంచుదామనా అని పెళ్లికొడుకు మేనమామ పోట్లాటకు దిగాడు. ముహూర్తం దాటిపోయింది. అయ్యగారు పంచాంగం తిరగేసి సాయంత్రానికి ఇంకోటి పట్టుకున్నాడు.

ఇంతకంటే ఘోరం పోచం ఇంట్లో జరిగింది. ఏడు వాగుల్లో ఒకేసారి మెడలోతున ఉన్నాడంటే, పోచం కొట్టుకుపోతున్నాడని, ఒక వాగులోంచి ఇంకో వాగులోకి తేలుతున్నాడని కొందరు అర్థం చేసుకున్నారు. చూడడానికి జనం వచ్చారు. అహేరి వైపు నుంచి ఆయన చెల్లెలు ఆటోలో ఏడుస్తూ దిగితే, పోచమే ఎదురొచ్చి ఆటో కిరాయి ఇచ్చాడట.

సాయంత్రం చామోర్షి నుంచి వస్తూ సిగ్నల్ అందగానే ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ముప్పై మంది తిట్లు. వాటి నడుమ దుకాణం నుంచి ఒక ఉత్తరం. అభినందనలు, మీ యాప్‌ను ఆమోదించాం.

మర్నాడు పొద్దున పోచం సైకిల్ మీద మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నేను మెడల దాక నీళ్లల్ల ఉన్ననట గద సారూ" అన్నాడు. "ఏ వాగుల ఉన్ననో జర చెప్పు. పోయి నిలబడ్త."

నేను నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాను.

"తప్పయింది పోచన్నా. పైవాళ్లకు చూపించడానికి పెట్టిన."

"మా నాయిన చెప్పిండు, నేను చెప్తన్న. దిగంది ఎన్నడన్న చెప్పినమా? నా మాట మీద ఆడోళ్లు పిల్లలను బుజాల మీద ఎక్కిచ్చుకోని దాటిండ్రు." సైకిల్ వెనక్కి తిప్పాడు. "నా మెడ మీద నువ్వు అబద్ధం చెప్పినవ్. నా పేరు తీసెయ్."

తీసేశాను. అంత సిగ్గుపడ్డ రోజు నా జీవితంలో ఇంకోటి లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. రహమాన్ చాచా చనిపోయి చాలా కాలమైంది గానీ, ఆ చింపిన కాగితం ముక్కలు ఇంకా నా జేబులోనే ఉన్నట్టనిపించింది.

ఎల్లక్క కొత్త ఫోన్‌లో ఇప్పుడు వాగు దర్జాగా ఎక్కింది. ఎర్ర అక్షరాలు లేవు. నల్లవాగు ఎదుట మాత్రం ఖాళీ.

"దుకాణపోళ్లు ఒప్పుకున్నరు, పోచన్న ఒప్పుకోలే" అంది. "గీ ఒప్పుడు నేనేం జేసుకోవాలె సారూ? లచ్చిమికి నెలలు నిండినయి."

సారు నడుము

వానలు మొదలవగానే నేను బామ్ని పోయి తెలిసినవాళ్ల ఇంట్లో దిగాను. పొద్దున నల్లవాగులో నేనే దిగి, చూసి, యాప్‌లో నొక్కాను. 'నల్లవాగు, సారు నడుము.' పోచం ఒడ్డున గొడుగు వేసుకుని కూర్చుని చూస్తున్నాడు.

గంటలో ఫోన్లు మొదలయ్యాయి. సారు అంటే ఎవరు, ఎంత పొడుగు, లావా బక్కా అని. గాయన నడుమంటే పోచన్నకు తొడ అని ఒకరు, కాదు మోకాలి మీదికే అని ఒకరు. నేను పొట్టివాణ్ని. ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు, ఆ రోజు తాలూకా అంతా చర్చించింది.

మూడో రోజు వాగు కాస్త ఎక్కింది. దిగాను. ఇసుక కాలికింద జారింది. చెప్పులు పోయాయి, కళ్లజోడు పోయింది, నేనూ పోతున్నాను. ఎవరో అంగీ కాలర్ పట్టి లాగారు. ఒడ్డున పడేశాక చూస్తే పోచం.

"ఇగ సాలు సారూ" అన్నాడు రొప్పుతూ. "నువ్వు కొట్టుకపోతే దాని కోసం ఇంకో యాప్ జేయాలె."

నాకు ఏడుపొచ్చింది. నీళ్లు మింగడం వల్ల కాదు. ఆయన నా పక్కన కూర్చుని బీడీ ముట్టించబోయాడు, తడిసిపోయి వెలగలేదు.

"నా పేరు పెట్టు" అన్నాడు. "గని ఒక్క మాట. నేను దిగినంకనే పడాలె. నేను దిగందే ఎవడడిగినా పడొద్దు. సర్కారడిగినా, దేవుడడిగినా."

అప్పటికప్పుడు ఆయన కుడిచేయి పట్టుకుని ఒప్పుకున్నాను. అది నేను చేసిన ఒప్పందాలన్నిటిలోకీ కచ్చితమైంది.

ఆ తర్వాతి వారం తెల్లవారగానే లచ్చిమికి నొప్పులు వచ్చాయి. చింతవాగు సులువుగానే ఉంది. అంతకుముందైతే ఎల్లక్క బయలుదేరేదే. ఫోన్ చూసింది. 'నల్లవాగు, పోచం నడుము.' బయలుదేరలేదు. గూడెంలోనే కూర్చోబెట్టి, జావ తాగించి, పది నిమిషాలకోసారి ఫోన్ చూసింది. ఇవతల పోచం ఆ వానలో అరగంటకోసారి వాగులో దిగుతూనే ఉన్నాడు. నేను ఒడ్డున గొడుగు పట్టుకున్నాను. మధ్యాహ్నానికి నీళ్లు తీశాయి. ఆయన ఒడ్డుకొచ్చి, చేతులు తుడుచుకుని, మోకాలి బొమ్మ నొక్కాడు. గంటన్నర తర్వాత అవతలి ఒడ్డున ఎల్లక్క, లచ్చిమి, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు కనిపించారు. పోచం ఎదురెళ్లి లచ్చిమిని చేయిపట్టి దాటించాడు. జీపు సిద్ధంగా ఉంది. దీపాలు పెట్టే వేళకు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఎంత పొడుగుందో పోచం ఫోన్ చేసి మరీ అడిగాడు.

వాళ్లు దాటుతరా

శ్రావణంలో దుకాణం నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. మీ యాప్ ప్రజలకు నీటిమట్టం తెలియజేస్తోంది. ఈ సమాచారానికి ఆధారం ఎవరు? 'పోచం' అర్హతలు ఏమిటి?

పోచం వాగులో మోకాలి లోతున నిలబడ్డ ఫోటో తీసి పంపాను. ఇంతకంటే ఆధారం ఏముంటుంది? జవాబు వచ్చింది. ఫోటోలో ఉన్న వ్యక్తి రాతపూర్వక అనుమతి, ఆయన నైపుణ్యాన్ని ధ్రువీకరించే పత్రం జతచేయండి. వారం గడువు.

కాగితం తీసుకుని పోచం దగ్గరికి పోయాను. సంతకం పెట్టమన్నాను. ఎవరికని అడిగాడు. చెప్పాను. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"వాళ్లు మన వాగు దాటుతరా సారూ?"

"దాటరు పోచన్నా."

"మరి నేనెవలో వాళ్లకెందుకు?"

 కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. గడువు దాటింది. యాప్‌ను దుకాణంలోంచి తీసేశారు, కొత్త ఫోన్లు దాన్ని వాటంతటవే తుడిచేశాయి. దొంగ నీళ్లు చూపించిన రోజు అభినందించినవాళ్లు, నిజం నీళ్లు చూపించాక సాగనంపారు. ఆ నెలలోనే నేను ఇంటి ముందు బోర్డు దించేశాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెప్పేది ఇంతే. గుమ్మం దగ్గర కూర్చున్నవాడికి మర్యాద ఎంతైనా ఇవ్వండి. కానీ మీరు పనిచేసేది వాడికి కాదు. వాడిని మెప్పించే తొందరలో అవతలి ఒడ్డు మనిషికి అబద్ధం చెప్పకండి. నేను చెప్పాను, పోచం క్షమించాడు. అందరికీ పోచం దొరకడు.

యాప్ ఇంకా బతికే ఉంది. చేత్తో పంచిన రోజుల నాటి పాత ఫోన్లలో ఉంది, ఎవరూ తుడవలేదు. ఆ ఫోన్లకు బ్యాటరీలు మార్చడమే ఇప్పుడు నా ఉద్యోగం. మిరుగుకు ముందు బామ్ని పోయి ఒక్కొక్కటీ విప్పి చూస్తాను. ఎల్లక్క పాతదాని అద్దం పగిలి వలలా అయిపోయింది. దాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి, కొత్త ఫోన్ పక్కనే నడుముకు కట్టుకుని తిరుగుతుంది. మొన్న మీటింగులో ఆఫీసరమ్మ అడిగిందట, మంచి ఫోన్ ఇచ్చాం కదా, ఆ పగిలింది ఎందుకని. ఎల్లక్క రెండూ తీసి బల్ల మీద పెట్టిందట.

"ఇది మీకు మేడం" అని కొత్తది ముందుకు జరిపి, పాతది మళ్లీ సంచిలో చుట్టుకుంది. "ఇది వాగుకు."